చెఱకు: స్ఫటికీకరణము, బృహదణువులు, నానోసమ్మిశ్రములు

పదార్థ రసాయనశాస్త్రమున స్ఫటికీకరణము, బృహదణువులు, నానోసమ్మిశ్రములు అను మూడు శాఖలు వేర్వేరు దారులలో పెరిగినవైనను, ఒక్క చెఱకు గడయందే ఆ మూడింటికిని తావున్నది. రసములోని సుక్రోజు స్ఫటికమై చక్కెర యగుచున్నది. పిప్పిలోని సెల్యులోజు ప్రకృతి నిర్మించిన బృహదణువు, అనగా పాలిమరు. ఆ సెల్యులోజునుండి విడదీసిన అతిసూక్ష్మ స్ఫటికములు ప్లాస్టిక్కులలో నానో పరిమాణపు కణములను కలిపి బలము చేకూర్చిన నానోసమ్మిశ్రములకు మూలద్రవ్యములు. నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి, బోధను ప్రాంతపు చక్కెర పరిశ్రమ ఈ సంబంధమును తెలిసికొనుటకు అనువైన నిదర్శనము.

ప్రాంతము, పరిశ్రమ

రెంజల్ మండలములోని కందకుర్తివద్ద మంజీర, హరిద్ర నదులు గోదావరిలో కలియుచున్నవి. గోదావరి తెలంగాణలో అడుగిడునదియు ఇచ్చటనే. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు జలాశయపు కాలువలు బోధను పరిసరముల పొలములకు నీరందింపగా, వరితోపాటు చెఱకుసాగు విస్తరిల్లి, దానిని ఆధారముగా చేసికొని 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును పెరిగిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాలోని మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా ప్రసిద్ధికెక్కిన ఈ సంస్థ 2002లో ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది.

సుక్రోజు స్ఫటికీకరణము

సుక్రోజు అణువున 12 కర్బన పరమాణువులు, 22 ఉదజని పరమాణువులు, 11 ఆమ్లజని పరమాణువులు ఉండును. దాని స్ఫటికము ఏకనతాక్ష వ్యవస్థకు చెందినది. 20 డిగ్రీల సెల్సియస్‌వద్ద 100 గ్రాముల నీరు సుమారు 200 గ్రాముల చక్కెరను, 80 డిగ్రీలవద్ద సుమారు 360 గ్రాములను కరగించుకొనగలదు. ఈ హద్దును మించి చక్కెరను ఇముడ్చుకొన్న ద్రావణమునకు అతిసంతృప్త ద్రావణమని పేరు. అతిసంతృప్తతలో మూడు అంతరువులు కలవు: మొదటిదానియందు ఉన్న స్ఫటికములు పెరుగునే కాని క్రొత్తవి పుట్టవు, రెండవదానియందు, ఉన్న స్ఫటికముల సాన్నిధ్యమున క్రొత్తవి పుట్టును, మూడవదానియందు ద్రావణము తనంతట తానే అసంఖ్యాకములైన సూక్ష్మస్ఫటికములను రాల్చును. ద్రావణమును మొదటి అంతరువులోనే నిలిపి, గింజలన్నియు సమానముగా పెరుగునట్లు చూచుటయే పాన్ అను పాత్రలో రసమును మరిగించు పనివాని నేర్పు.

సున్నముతోను గంధకపు పొగతోను శుద్ధిచేసిన రసమును చిక్కబరచి, గాలిని తోడివేసిన మూతపాత్రలో తక్కువ వేడిమివద్ద మరిగింతురు. ఈ పద్ధతిని ఎడ్వర్డ్ చార్లెస్ హోవర్డ్ అను ఆంగ్ల రసాయనికుడు 1813లో ప్రవేశపెట్టెను. బహిరంగ పాత్రలో మరిగించినచో వేడిమి హెచ్చి రంగు ముదురుటయే కాక, సుక్రోజులో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి నష్టమగును. తగిన చిక్కదనము రాగానే, ఆల్కహాలులో మెత్తగా నూరిన చక్కెరను విత్తనముగా వేయుదురు. అట్లు ఏర్పడిన గింజల ముద్దను సెంట్రిఫ్యూగల్ యంత్రమున త్రిప్పి గింజను, ద్రవమును వేరుచేయుదురు. ఆ ద్రవమును మఱల మరిగించి మిగిలిన చక్కెరను రాబట్టగా, తుదకు స్ఫటికీకరింపని మడ్డి మిగులును. దానిని పులియబెట్టి ఆల్కహాలు తీయుదురు.

రసమున ప్రవేశించు బృహదణువు

చెఱకు కోసినది మొదలు దానియందు రసాయన మార్పులు ఆరంభమగును. కోతగాయములనుండి లోనికి చొచ్చిన ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అను సూక్ష్మజీవి సుక్రోజులోని గ్లూకోజు భాగములను వరుసగా గూర్చి డెక్స్‌ట్రాన్ అను పాలిమరును నిర్మించును. దీనివలన రసము జిగురెక్కును, వడపోత మందగించును, సుక్రోజు అణువులు స్ఫటికముఖములను చేరుటకు జాప్యము కలుగును. అంతకన్న విశేష మేమనగా, డెక్స్‌ట్రాన్ స్ఫటికముయొక్క కొన్ని ముఖములకు అంటుకొని ఆ దిక్కులందు పెరుగుదలను అడ్డగింపగా, ఘనాకారముగా ఉండవలసిన గింజ సూదివలె సాగి, యంత్రములో మడ్డినుండి విడివడుట కష్టమగును.

చెఱకు కోసిన వెంటనే మిల్లు చేరవలెనని రైతులును, కర్మాగారములును త్వరపడుటకు ఒక ముఖ్య రసాయనకారణము ఇది. ఎండలో బారులు తీరిన బండ్లలో గడ ఆగినకొలది చక్కెర తగ్గును, బృహదణువు పెరుగును. ఒక అణుశాస్త్ర సత్యము రైతు ఆదాయమును ఇంత ప్రత్యక్షముగా తాకు సందర్భములు అరుదు.

సెల్యులోజు, దాని క్రమము

రసము పిండగా మిగిలిన పిప్పిలో సెల్యులోజు, హెమీసెల్యులోజు, లిగ్నిన్ ముఖ్యములు. సెల్యులోజును 1838లో ఫ్రెంచి రసాయనికుడు ఆన్‌సెల్మ్ పాయెన్ గుర్తించెను. ఇట్టి పదార్థములు పొడవైన అణుమాలలని హెర్మన్ స్టౌడింగర్ 1920లో ప్రతిపాదించి, ఎంతో వ్యతిరేకతను ఎదుర్కొని, 1953లో నోబెల్ బహుమానమును పొందెను. చిన్న అణువైన సుక్రోజు సంపూర్ణ స్ఫటికము కాగా, దీర్ఘములైన మాలలు ఒకదానితో నొకటి చిక్కుకొనుటచే పాలిమరు సాధారణముగా పాక్షికముగానే స్ఫటికమగును. పాలిఎథిలీను మాలలు మడతలు పడి పలుచని స్ఫటికపత్రములుగా పేరుకొనుచున్నవని ఆండ్రూ కెల్లర్ 1957లో చూపెను. సెల్యులోజు మాలలు మాత్రము వరిమోపులోని కంకులవలె చేరికగా సాగి, ఉదజని బంధములచే కట్టువడి, అక్కడక్కడ క్రమము తప్పిన భాగములతో కూడియుండును.

నానోసమ్మిశ్రములు

పిప్పినుండి క్షారముతో లిగ్నిన్ మొదలగువానిని తొలగించి, తెల్లబరచి, గాఢ గంధకామ్లముతో చర్య జరిపినచో, ఆమ్లము క్రమములేని భాగములనే ముందుగా కరగించి, దృఢములైన స్ఫటిక శలాకలను మిగుల్చును. వీని మందము కొద్ది నానోమీటర్లు; పొడవు నూరునుండి కొన్ని వందల నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు. ఇట్టి ఆమ్లచర్యకు 1950 ప్రాంతమున రాన్‌బీ మార్గము చూపగా, 1995లో ఫావియే, షాంజీ, కావాయే అను శాస్త్రవేత్తలు ఈ శలాకలను పాలిమరులో కలిపి దృఢత్వమును గణనీయముగా పెంచవచ్చునని నిరూపించిరి.

ఈ శలాకలు బలమునిచ్చుటతో ఆగవు. పాలిలాక్టిక్ ఆమ్లమువంటి మందగతి స్ఫటికీకరణముగల పాలిమరులలో, పాన్‌లో వేసిన చక్కెర విత్తనము చేయు పనినే ఇవి చేసి, స్ఫటికములు త్వరగా పుట్టుటకు కేంద్రములగును. నీటిని ప్రేమించు సెల్యులోజు నీటిని రోయు ప్లాస్టిక్కులలో ముద్దలుగా చేరుట, ఆమ్లమును కడిగివేయుటకు నీరు విరివిగా ఖర్చగుట ప్రధాన సమస్యలు. ఉపరితలమును రసాయనికముగా మార్చి మొదటిదానిని పరిష్కరించుటకు ప్రయత్నములు జరుగుచున్నవి.

సమీక్ష

చక్కెర మిల్లులు పిప్పిని సాధారణముగా బాయిలర్లలో కాల్చి ఆవిరికిని, విద్యుత్తునకును వాడుకొనుచున్నవి. అది వృథా కాదు. కాని కాల్చిన పిప్పి వేడిమిని మాత్రమే ఇచ్చును, శోధించిన పిప్పి పదార్థమునే ఇచ్చును. కనుక బోధను కర్మాగార పునరుద్ధరణమును యోచించువారు గింజతోపాటు పిప్పిని, మడ్డిని కూడ సంపదగా లెక్కకు తీసికొని, మిల్లు ప్రక్కనే ఒక పదార్థ పరిశోధనశాలకు స్థానము కల్పింపవలెను. ఆ పరిశోధన ఫలములో చెఱకు పండించు రైతునకు భాగముండుట న్యాయము.