రోజుకో రూపాయి ఆటగాడు

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ నుంచి హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకు రోజూ వచ్చిపోవాలంటే ఆ కుర్రాడి జేబులో చిల్లిగవ్వ లేదు. కోచ్‌తో ఆ మాటే చెప్పాడు. కోచ్ రోజుకో రూపాయి చేతిలో పెట్టి, సైకిల్ అద్దెకు తీసుకుని రమ్మన్నాడు. కుర్రాడు తులసీదాస్ బలరామ్, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. పెద్దయ్యాక బలరామ్ ఈ సంగతిని ఇంటర్వ్యూల్లో ఇష్టంగా తలుచుకునేవాడు. 1956లో ఇరవై ఏళ్ల వయసులో అతను మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నాడు.

బలరామ్‌ది తమిళ కుటుంబం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల అలాంటి ఇళ్లు చాలానే ఉండేవి. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా అక్కడివాడే. పల్టన్లు ఉన్నచోట బంతి ఉంటుంది, బంతి ఉన్నచోట పిల్లలు పోగవుతారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం నవాబుల దేవిడీల్లో పుట్టలేదు. ఇలాంటి బస్తీ మైదానాల్లో, పోలీసు గ్రౌండుల్లో పుట్టింది.

రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1950లో సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టాడు. ఆ ఏడాది మొదలు 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఆ జట్టుదే. ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకూ అతనే కోచ్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతోనే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో బూట్లు తొడుక్కుని ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. అక్కడ మళ్లీ యుగోస్లావియాయే 4-1తో ఆపింది. చివరికి దక్కింది నాలుగో స్థానం. మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు.

రహీమ్ జీవితం 2024లో ‘మైదాన్’ పేరుతో సినిమా అయింది. తీసింది బొంబాయి వాళ్లు, హిందీలో. అచ్చంగా హైదరాబాదీ కథ ఇది. ఫిల్మ్ నగర్ కళ్లముందే ఉన్నా ఎవరి కంటా పడలేదు. మనవాళ్లకు కథలు కరువని ఎవరైనా వాపోతే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

హైదరాబాద్ 1956-57లోనూ 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ రెండు జట్లలోనూ బలరామ్ ఉన్నాడు. ఈలోగా కలకత్తా పిలిచింది. పేరు కావాలంటే అప్పట్లో ఏ ఫుట్‌బాలర్‌కైనా అదే గమ్యం. ఈస్ట్ బెంగాల్‌లో చేరిన బలరామ్ 1961లో కెప్టెనయ్యాడు. ఆ సీజన్లో 23 గోల్స్‌తో కలకత్తా లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. 1952 తర్వాత చేజారిన లీగ్ టైటిల్ తొమ్మిదేళ్లకు క్లబ్బుకు తిరిగొచ్చింది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్. ఈ మూడు పేర్లనూ బెంగాలీలు నేటికీ విడదీయకుండా ఒక్క గుక్కలో చెబుతారు. వాళ్లలో ఒకడు మన అమ్ముగూడ వాడని అమ్ముగూడలో ఎందరికి తెలుసో!

1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మనల్ని 2-1తోనే ఓడించగలిగింది. ఆ ఒక్క గోల్ బలరామ్‌ది. 3-1తో పెరూ గెలిచిన మ్యాచ్‌లోనూ మన ఏకైక గోల్ అతనిదే. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీదా జపాన్ మీదా గెలిచారు. రెండింటిలోనూ బలరామ్ గోల్ ఉంది. రాజకీయ గొడవల వల్ల స్టేడియం మొత్తం భారత్ మీద కారాలు మిరియాలు నూరుతోంది. 1962 సెప్టెంబరు 4న ఆ కేకల నడుమే, మొదట తమను ఓడించిన దక్షిణ కొరియాను ఫైనల్లో 2-1తో ఓడించి బంగారు పతకం పట్టారు. గాయపడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను కోచ్ రహీమ్ ముందువరసలో ఆడించాడు. ఫైనల్లో ఒక గోల్ అతనే కొట్టాడు, ఇంకోటి పీకే.

అప్పటికే రహీమ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, కన్నుమూశాడు. గురువు పోయిన ఏడాదే శిష్యుడి ఆటా ఆగిపోయింది. దానికీ కారణం ఊపిరితిత్తులే. హైదరాబాద్‌లో ఛాతీ జబ్బంటే నేటికీ ఎర్రగడ్డ ఆస్పత్రి పేరే నోటికొస్తుంది. ఊపిరి ఆడని మనిషి బస్సు మెట్లెక్కడానికే ఎంత యాతన పడతాడో ఆ గేటు ముందు కాసేపు నిలబడితే కనిపిస్తుంది. గంటన్నర పాటు మైదానమంతా పరుగెత్తడమే పనిగా ఉన్నవాడికి ఆ జబ్బు వస్తే ఇక చెప్పేదేముంది? ఈస్ట్ బెంగాల్ నుంచి రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారిన ఏడాదే బలరామ్ బూట్లు విప్పాల్సి వచ్చింది. అప్పటికి వయసు ఇరవై ఏడుకు అటూ ఇటూ.

ఇవాళ అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడి కాంట్రాక్టు విలువ మన పిల్లలు వేళ్లమీద చెబుతారు. అక్కడ ఆటే ఉద్యోగం. గాయానికి వైద్యం, ఆట మానేశాక పెన్షన్ అన్నీ కాగితం మీద ఉంటాయి. బలరామ్ తరానికి ఆట ఒకచోట, అన్నం ఇంకోచోట. పోలీసు జట్టులోనో రైల్వే జట్టులోనో చోటు దొరికితే నెల జీతానికి ఢోకా ఉండదు. పెద్ద క్లబ్బులో పేరొస్తుంది, అభిమానుల ప్రేమ వస్తుంది, బతుకుతెరువుకు మాత్రం హామీ లేదు. శ్రమలోనూ సాధనలోనూ ఏ ప్రొఫెషనల్‌కీ వాళ్లు తీసిపోరు. కొరవడింది వృత్తి హోదా ఒక్కటే. దీన్ని నిస్వార్థ క్రీడాస్ఫూర్తి అని పొగిడే వ్యాసాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

బలరామ్ తిరిగి సికింద్రాబాద్ వచ్చి స్థిరపడలేదు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా ఉండిపోయాడు. ఈస్ట్ బెంగాల్ మీద అతనికో అలక ఉండేది, అది చివరిదాకా తీరలేదు. 2020లో పీకే, చునీ కొద్ది వారాల తేడాతో వెళ్లిపోయారు. ముగ్గురిలో మిగిలిన బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయాడు.

అర్జున అవార్డు 1961లో పీకేకు, 1962లో బలరామ్‌కు, 1963లో చునీకి వచ్చింది. పద్మశ్రీ చునీకి 1983లో, పీకేకు 1990లో ఇచ్చారు. బలరామ్‌కు ఇవ్వలేదు. ఆ బాధను ఆయన మర్యాద కోసం కడుపులో దాచుకోలేదు, ఇంటికొచ్చిన విలేఖరులకు మొహమాటం లేకుండా చెప్పేవాడు.