ఫసలీ 1340 నాటి కాగితం

తహసీల్దారు, పహాణీ, జమాబందీ, నకలు, రసీదు, హద్దు, ఖాతా, అర్జీ, దస్తావేజు. ఈ మాటలు లేకుండా బూర్గంపాడులో ఒక్క ఎకరం సంగతి కూడా మాట్లాడలేం. ఇవన్నీ ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చినవే. సర్కారుకి మా మాటలు కావాలి. మా కాగితాలు మాత్రం దానికి చదవరావు. పాలన కంప్యూటరులోకి ఎక్కింది, ఇక ఎవరికీ అన్యాయం జరగదు అనేవాళ్లకి ముందుగా ఈ సంగతి చెప్పాలి.

మా ప్రాంత చరిత్రని గోదావరి రెండు ముక్కలు చేసింది. 1860లో భద్రాచలం వైపు నేలని నిజాం ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పాడు. 1874 నుంచి అది మద్రాసు రాష్ట్రంలో గోదావరి జిల్లా. కిన్నెరసాని వచ్చి కలిసే ఇవతలి ఒడ్డు మాత్రం హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోయింది. 1880లలో హైదరాబాదు కచేరీల్లో ఫారసీ పోయి ఉర్దూ వచ్చింది. దాంతో ఈ ఒడ్డున కోయవాడైనా, కాపైనా, సాయిబైనా, వాళ్ల భూమి లెక్క ఉర్దూలోకి పోయింది.

అప్పుడు తెలుగు రైతు తన భూమి కాగితం తాను చదువుకోలేకపోయాడు. అది అన్యాయమే. మేం కాదనం. కానీ ఆ రాజ్యం మాదని ఇప్పటికీ మా మీద వేస్తున్న నింద ఉంది చూశారూ, దాన్ని మాత్రం ఒప్పుకోం. మా తాతల్లో ఎక్కువమంది వేలిముద్రగాళ్లు. ఉర్దూ మాట్లాడారు గానీ ఉర్దూ కాగితం చదవలేదు. పట్వారీ ముందు కోయరైతు ఎంత చేతులు కట్టుకుని నిలబడ్డాడో, మా తాతా అంతే నిలబడ్డాడు.

1948 సెప్టెంబరు తర్వాత రాజ్యం మారింది. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లాని విడదీశారు. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1959లో భద్రాచలం కూడా ఖమ్మంలో కలిసి, వందేళ్ల తర్వాత రెండు ఒడ్లూ ఒక జిల్లా కిందికి వచ్చాయి. 1966లో అధికార భాష తెలుగు అయింది. అది కావలసిందే. తర్వాత కొన్ని జిల్లాల్లో ఉర్దూని రెండో అధికార భాష చేశారు. ఆ జాబితాలో ఖమ్మం లేదు. జనాభా లెక్కలో మేం చాలలేదు. 2017 నవంబరులో రాష్ట్రమంతటినీ ఒక యూనిట్‌గా తీసుకున్నాకే మా వంతు వచ్చింది.

ఈలోపు 2014లో పోలవరం పేరుతో మా మండలాన్నే రెండు రాష్ట్రాలకి పంచారు. బూర్గంపాడు, సారపాక తెలంగాణలో ఉండగా ఇబ్రహీంపేట లాంటి ఊళ్లు ఆంధ్రకి పోయాయి. 2016లో మేం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యాం. ఇల్లు కదల్లేదు, చిరునామా కదిలింది. ప్రతిసారీ కాగితాలు కొత్తగా రాశారు. రాసిన ప్రతిసారీ పేరు ఒకింత మారింది.

ఇక కంప్యూటరు సంగతి. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకి కార్డ్ పథకం వచ్చింది. 2011లో మీసేవ, 2020 అక్టోబరులో ధరణి, దాన్ని తీసేసి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాయి. వీటివల్ల మేలు జరగలేదని అనం. ఆదాయం సర్టిఫికెట్ కోసం పదిసార్లు తిరిగే బాధ తగ్గింది. అర్జీకి నంబరు వచ్చింది. కానీ పట్వారీ తప్పు రాస్తే పట్వారీని అడిగేవాళ్లం. తెర తప్పు చూపిస్తే ఎవరిని అడగాలి? ధరణి కాలంలో రెవెన్యూ కోర్టులే ఎత్తేసి సివిల్ కోర్టుకి పొమ్మన్నారు. భూభారతి చట్టం అప్పీలు దారి మళ్లీ తెరిచింది. అంటే మనిషి లేని పాలన సాగదని సర్కారే ఒప్పుకుందన్నమాట.

మా పేర్ల కథ చూడండి. ఉర్దూలో జీమ్ వేరు, జే వేరు, జాద్ వేరు. తెలుగులో అన్నిటికీ ఒకటే జ. అదే పేరు ఇంగ్లీషులోకి పోతే ఒకచోట జెడ్, ఇంకోచోట జె. షేక్ అన్న ఒక్క మాటకే నాలుగు స్పెల్లింగులు. అది ఒక కార్డులో పేరుకి ముందుంటే ఇంకో కార్డులో వెనకుంటుంది. మనిషి ఒక్కడే అని ఊరంతటికీ తెలుసు. కంప్యూటరుకి మాత్రం నలుగురు. 2007లో చట్టం చేసి ఇచ్చిన బీసీ-ఇ రిజర్వేషను అందుకోవాలన్నా ముందు ఆ నలుగురూ ఒక్కడే అని రుజువు చేసుకోవాలి.

అడవి అంచున ఇంకో చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనేతరులు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ బతికినట్టు చూపాలి. లెక్కకడితే 1930 డిసెంబరు. హైదరాబాదు లెక్కలో అది ఫసలీ 1340. ఆనాటి కాగితం ఈ ఒడ్డున ఏదైనా మిగిలితే అది ఉర్దూలోనే ఉంటుంది, తారీఖు ఫసలీలో ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు కచేరీలో ఎంతమంది? స్కాన్ చేస్తే బొమ్మ వస్తుంది, అర్థం రాదు. ఏజెన్సీ నేల మీద మొదటి హక్కు కోయలది. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ నిలబడాలనే మేమూ అంటాం. ఆ హక్కుని నిలబెట్టే పాత సాక్ష్యం కూడా ఇదే లిపిలో ఉండొచ్చు. ఉర్దూ చదవకపోతే నష్టపోయేది మేం ఒక్కళ్లమే కాదు.

2025 జూన్‌లో వక్ఫ్ ఆస్తులకి కేంద్రం ఉమీద్ అనే పోర్టల్ పెట్టింది. ఉమీద్ అంటే ఆశ. ఆరు నెలల్లో ఆస్తుల వివరాలన్నీ ఎక్కించాలన్నారు. పెద్ద దర్గాలకి మున్తఖబ్‌లున్నాయి, వకీళ్లున్నారు. ఊరి బయటి ఖబరస్తాన్‌కి, హిందువులూ కోయలూ కలిసి పీర్లెత్తే ఆషూర్‌ఖానాకి కాగితం ఎవరు రాసిచ్చారు? అక్కడ పడుకున్నవాళ్లే దానికి సాక్ష్యం.

మేం అడిగేది పెద్దదేం కాదు. పాత సేత్వార్‌లనీ పహాణీలనీ స్కాన్ చేసి, పక్కన తెలుగులో తిరగరాసి, గ్రామసభలో గట్టిగా చదవండి. కోయభాషలోనూ చెప్పండి. జిల్లా కచేరీలో ఉర్దూ చదివే మనిషిని పెట్టండి. ఒక మనిషి పేరుని మూడు లిపుల్లో ఒకే ఖాతా కింద రాయండి. పెద్దల నోటిమాటని అటవీ హక్కుల నిబంధనలు సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. దాన్ని తెర కూడా ఒప్పుకోవాలి.

ఒకప్పుడు ఈ ఒడ్డున తెలుగువాడికి తన కాగితం చదవరాలేదు. ఇవాళ సర్కారుకే తన పాత కాగితం చదవరాదు. రెండుసార్లూ నష్టపోయింది చదువులేని బీదోడే. మా ఇళ్లల్లో ట్రంకుపెట్టె అడుగున, గుడ్డలో చుట్టి ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. చెద తినకముందే వచ్చి చదవండి.