జైలు యోగం ఎవరి జాతకంలో ఉంది?

పాత జైలు అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది గోల్కొండలోని రామదాసు బందీఖానా. కంచర్ల గోపన్న సర్కారుకి కట్టాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి ఖైదయ్యాడు. రాముడే వచ్చి ఆ బాకీ తీర్చాడన్న కథ అందరికీ నోటికి వచ్చు. ఆ శిస్తు ఏ రైతులు కట్టిందని మాత్రం ఎవరూ అడగరు. పాత జైళ్ళతో వచ్చిన చిక్కే ఇది. కథ మిగులుతుంది, లెక్క మిగలదు.

సంగారెడ్డి జైలు సంగతి చూడండి. 1796లో, నిజాంల కాలంలో కట్టారు. రెండు శతాబ్దాలకి పైగా నిలిచిన ఈ జైలుని 2012లో ఖాళీ చేసి, తర్వాత మ్యూజియం చేశారు. మంచి పనే. 2016లో జైళ్ళ శాఖ ‘ఫీల్ ద జైల్’ అని ఇంకో పథకం పెట్టింది. 500 రూపాయలు కడితే ఒకరోజు ఖైదీ బట్టలు, పళ్ళెం, గ్లాసు, జైలు తిండి. సరదాకి వెళ్ళినవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ రేపు పొద్దున గేటు తీస్తారని తెలిసి పడుకోవడం జైలు కాదు. ఎప్పుడు తీస్తారో తెలియకపోవడమే జైలు.

సరదా ఇలా ఉంటే, భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్ళు వేరే ఉన్నారు. జాతకంలో ‘కారాగార యోగం’ ఉందని, ఒక్క రాత్రి జైల్లో పడుకుంటే ఆ దోషం పోతుందని జ్యోతిష్కులు చెబుతారు. 2022లో ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీ జైల్లో ఇలాంటివాళ్ళకి రాత్రికి 500 రూపాయలకి గది ఇచ్చే ఏర్పాటు జరుగుతోందని పత్రికల్లో వచ్చింది. రాజ్యాంగం శాస్త్రీయ దృష్టి పెంచమంటుంటే సర్కారీ జైలు గ్రహశాంతి చేయిస్తుందన్నమాట!

సరే, గ్రహాల మాటే నిజమనుకుందాం. భద్రాచలం దాటి బస్తర్‌కి వెళ్దాం. కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు స్థాపించాడని చెప్పుకునే రాజ్యం కాబట్టి మనకి పరాయిది కాదు. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేయాలని, పోడు, వేట ఆపించాలని ప్రతిపాదించింది. దానికితోడు వెట్టిచాకిరీ, కరువులు. ఊరి నుంచి ఊరికి మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణాలు పంపి 1910లో ఆదివాసీలు తిరగబడ్డారు. అదే భూమ్‌కాల్. అణచడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. జనాన్ని కొరడాలతో కొట్టారు, శిక్షలు వేశారు. నేతానార్ గుండాధుర్ మాత్రం దొరకలేదు. చివరికి రిజర్వు చేయదలచిన అడవిని ప్రభుత్వం సుమారు సగానికి తగ్గించింది. ఇందులో శని ఎక్కడున్నాడు? అటవీ చట్టం ఉంది, తిరుగుబాటు ఉంది.

ఇది పాత సంగతంటారా? 2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఘోరం. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ళ ఆదివాసీలని పట్టుకుపోయారు. 2022 జులైలో ప్రత్యేక కోర్టు సాక్ష్యాల్లేవని 121 మందిని నిర్దోషులని వదిలేసింది. అప్పటికి చాలామందికి జైల్లో అయిదేళ్ళు గడిచిపోయాయి. జవాన్ల కుటుంబాలకీ న్యాయం జరగలేదు, వీళ్ళకీ జరగలేదు.

జ్యోతిష్కులకి నా ప్రశ్న ఒక్కటే. 121 మందికీ ఒకే దశ నడిచిందా? అందరి జాతకంలోనూ కారాగార యోగం ఉందా? లేక పేదరికం, భాష రాకపోవడం, వాయిదాల మీద వాయిదాలు కారణమా? 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో 75 శాతం పైగా విచారణ ఖైదీలే. ఇంత పెద్ద దోషానికి శాంతి గుళ్ళో దొరకదు, కోర్టుల్లో, చట్టసభల్లో వెతకాలి.

జైలు మ్యూజియంలు ఇంకా రావాలనే నేను కోరుకుంటాను. సంకెళ్ళు, పళ్ళేలు చూపించండి. వాటి పక్కనే ఒక్కో ఖైదీ ఏ చట్టం కింద వచ్చాడో, విచారణ ఎన్నాళ్ళు సాగిందో, చివరికి ఏం తేలిందో కూడా రాసి పెట్టండి. అది చదివినవాడికి జాతకం చూపించుకోవాలని అనిపించదు.