ఎలుగుబంటికి ఎంత మందు?

మన తెలుగులో ఒక చమత్కారం ఉంది. జబ్బుకు వేసుకునేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. (శనివారం సాయంకాలాల్లో మిత్రుల ఇళ్ళలో పుచ్చుకునేది మూడోరకం, దాని సంగతి ఇక్కడ వద్దు.) నేను మొదటి రకంతో పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. ఈ వ్యాసం మాత్రం రెండోరకం గూర్చి.

పెన్సిల్వేనియా కొండల్లో వైద్యం చేసేవాడికి వేటగాళ్ళ కబుర్లు తప్పవు. ఆకులు రంగు మారాయంటే చాలు, చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు చూస్తున్నా వాళ్ళు మాట్లాడేది నల్ల ఎలుగుబంట్ల మాటే. వారిలో కొందరు నేటి తుపాకులు మాని, గొట్టం మూతినుంచి మందూ గుండూ కూరి పేల్చే పాతకాలపు తుపాకులతో వేటకు పోతారు. మన పల్లెల్లో నాటు తుపాకి అనేది దాని చుట్టమే. ఎంత మందు పొయ్యాలి, ఎలాంటి గుండు వెయ్యాలి అని వాళ్ళలో వాళ్ళకు తెగని తగవు. రెండువందల ఏళ్ళకు పైబడిన తగవు ఇది. దీని చరిత్ర తిరగేస్తే, ప్రతి తరంవారూ మందు పెంచితే పని జరుగుతుందనుకోవడమూ, ఎలుగుబంటి వారికి వేరే పాఠం చెప్పడమూ కనిపిస్తాయి.

ముందు కొలత సంగతి. తుపాకి మందును గ్రెయిన్లలో కొలుస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలికి గురిగింజ ఎలాగో, వీళ్ళకు ధాన్యపు గింజ అలాగ. పూర్వం మందులషాపువాళ్ళూ ఈ గ్రెయిన్‌నే వాడేవారు. ఆస్పిరిన్ బిళ్ళమీద 325 మిల్లీగ్రాములనే వింత అంకె ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది 5 గ్రెయిన్లు! కాబట్టి మోతాదు అన్నమాట ఇక్కడ వట్టి ఉపమానం కాదు.

పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతంలో స్థిరపడిన జర్మన్ కమ్మరులు పొడుగాటి తుపాకులు తయారుచేశారు. గొట్టం లోపల మరచుట్లలాగా గాడులు కోసేవారు. జిడ్డు పూసిన గుడ్డపీలికలో గుండును చుట్టి, గజంతో లోపలికి నెడితే, పేలినప్పుడు గుడ్డ ఆ గాడుల్ని పట్టుకుని గుండును గిరగిర తిప్పుతుంది. తిరిగే గుండు తిన్నగా పోతుంది. ఆ గుడ్డకు పూసే జిడ్డు చాలాసార్లు ఎలుగుబంటి కొవ్వే కావడం విధివిలాసం కాబోలు.

అడవి అంచున బతికేవాడికి సీసమూ మందూ బంగారంతో సమానం. అందుకే చిన్న గుండ్లు వాడారు. 45 క్యాలిబర్, అంటే అంగుళంలో నూటికి నలభైఅయిదు వంతుల వెడల్పు గుండు, సుమారు 130 గ్రెయిన్లు తూగుతుంది. పౌను సీసంతో యాభైకి పైగా గుండ్లు పోసుకోవచ్చు. మందు మోతాదుకు కొలపాత్ర కూడా అక్కరలేదు. పక్షుల బొమ్మలు వేసిన ఆడుబాన్ మహాశయుడు ఆ పద్ధతి వర్ణించాడు: గుండును అరచేతిలో పెట్టుకుని, అది మునిగేదాకా కొమ్ములోంచి మందు పొయ్యడమే. మన ఇళ్ళలో అమ్మమ్మలు బియ్యంమీద వేలు పెట్టి ఎసరు కొలవడం లేదూ? అదే లెక్క.

ఈ చిన్న గుండు నల్ల ఎలుగుకు సరిపోయిందా అంటే, సరిపోయింది. టెనెసీకి చెందిన డేవీ క్రాకెట్ 1834లో అచ్చయిన స్వీయచరిత్రలో, ఏడాది తిరక్కుండా 105 ఎలుగుబంట్లను చంపినట్టు చెప్పుకున్నాడు. ఎన్నికలలో నిలబడే మనిషి చెప్పిన లెక్క గనుక కొంత తగ్గించుకున్నా తక్కువేమీ కాదు. అయితే ఆయన కథలు శ్రద్ధగా చదివితే అసలు పని కుక్కలు చేశాయని తెలుస్తుంది. అవి ఎలుగును చెట్టెక్కించేవి, లేదా చుట్టుముట్టి నిలబెట్టేవి. ఆయన దగ్గరకుపోయి కాల్చేవాడు. ఒక రాత్రి భూకంపానికి బీటవారిన నేల పగులులో చిక్కిన ఎలుగును, తుపాకి పని కాక, కత్తితో పొడిచి చంపాడు. పది గజాల దూరంలో గుండు పెద్దదైతేనేం, చిన్నదైతేనేం.

ఇందుకు భిన్నమైన అనుభవం లూయిస్, క్లార్క్ బృందానిది. 1805 మే నెలలో మిస్సోరీ నది ఒడ్డున వాళ్ళకు ఎదురైంది నల్ల ఎలుగు కాదు, దానికంటె ఎంతో పెద్దదైన గ్రిజ్లీ. ఊపిరితిత్తుల్లో అయిదు గుండ్లు, ఒంట్లో మరో అయిదు దిగినా అది నదిలో సగానికిపైగా ఈది, ఇసుక తిన్నె చేరి, కనీసం ఇరవై నిమిషాలు ప్రాణంతో ఉందని లూయిస్ దినచర్యలో రాసుకున్నాడు. ఆ తరవాతి దశాబ్దాల్లో పడమటి కొండలకు పోయేవారికోసం సెయింట్ లూయీలో హాకెన్ సోదరులవంటివారు 50, 54 క్యాలిబర్ల బరువైన తుపాకులు చేశారు. దీనివెనక చిన్న లెక్క ఉంది. గోళం బరువు వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది. 50 క్యాలిబర్ గుండు సుమారు 180 గ్రెయిన్లు, 58ది సుమారు 280. వెడల్పు నూటికి పదహారు వంతులు పెరిగితే బరువు యాభైఅయిదు వంతులు పెరిగిందన్నమాట. అదే మందు పెంచితే? కొంత మేరకే లాభం. గొట్టం పొడవులో కాలడానికి వ్యవధి చాలక మిగిలింది వృథాగా బయటపడుతుంది. పైగా గుండ్రని గుండు గాలికి త్వరగా లొంగిపోతుంది. ఎంత వేగంతో బయలుదేరినా నూరు గజాలు పోయేసరికి ఆ వేగంలో ఇంచుమించు నలభై శాతం హరించుకుపోతుంది.

ఈ చిక్కు విప్పింది వేటగాళ్ళు కాదు, సైన్యాలు. గుడ్డ చుట్టిన గుండును బిగించి కూరడం యుద్ధంలో సాగే పని కాదు. 1849లో ఫ్రెంచి అధికారి మినియే, అడుగున గుల్లగా ఉండే కోసుగా ఉన్న తూటాను తెచ్చాడు. వదులుగా లోపలికి జారుతుంది. పేలినప్పుడు అడుగు ఉబ్బి గాడులను పట్టుకుంటుంది. ఆ కుదురుకే చెందినది 1853 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకి. దాని కాగితపు పొట్లాన్ని పంటితో కొరికి మందు పొయ్యాలి. దానికి పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం 1857లో మన దేశంలో ఏ మంట రేపిందో పాఠకులకు చెప్పనక్కరలేదు.

మన దేశానికి ఇంకో సంబంధమూ ఉంది. నల్లమందులో నూటికి 75 వంతులు సురేకారం, తక్కినది బొగ్గూ గంధకమూ. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచపు సురేకారంలో పెద్దభాగం బీహారు మట్టినుంచి వచ్చినదే. 1861 చివర, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాదివారికోసం లామట్ డ్యూపాంట్ లండను వెళ్ళి అక్కడున్న సురేకారమంతా కొన్నాడు. ట్రెంట్ ఓడ తగాదా వచ్చి ఆంగ్లేయులు ఎగుమతి ఆపేశారు. రాజీ కుదిరాకే సరుకు కదిలింది. అబ్రహాం లింకన్ సేనలు పేల్చిన మందులో పాట్నా పరిసరాల రైతుకూలీల చెమట ఉందని ఈ దేశపు పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

ఇక వైద్యుడిగా నాకు ఆసక్తి కలిగించే భాగం. ఆ యుద్ధంలో స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకి మోతాదు 60 గ్రెయిన్ల మందు, 500 గ్రెయిన్ల సీసం. మందు తక్కువ, బరువెక్కువ, వేగం స్వల్పం. అయినా ఎముకకు తగిలితే నుగ్గునుగ్గే. కాళ్ళూ చేతులూ తీసెయ్యడం తప్ప శస్త్రవైద్యులకు మార్గం లేకపోయేది. 1870 నుంచి 1888 వరకు ఆరు సంపుటాలుగా వెలువడిన ఆ యుద్ధపు వైద్యచరిత్ర చూస్తే కడుపు తరుక్కుపోతుంది. థైరాయిడ్ శస్త్రచికిత్సకు 1909లో నోబెల్ బహుమతి పొందిన కోకర్ కూడా తూటా గాయాలమీద ఏళ్ళతరబడి ప్రయోగాలు చేశాడు.

గాయం ఎలుగుబంటికైనా మనిషికైనా ఒకే శాస్త్రం. నెమ్మదైన తూటా చంపేది పెద్ద చప్పుడుతో కాదు, రక్తం పోవడంవల్లా, ఊపిరితిత్తులు కుంచించుకుపోవడంవల్లా. గుండె చీలినా మెదడులో మిగిలిన ప్రాణవాయువు పది పదిహేను సెకండ్లు పనిచేస్తుంది. అంతలో ఎలుగు పొదల్లో పడిపోతుంది. శీతాకాలపు నిద్రకు ముందు దాని ఒంటినిండా దట్టంగా కొవ్వు ఉంటుంది. అది గాయపు నోటిని మూసేస్తుంది, కారిన కాస్త రక్తాన్నీ పొడుగాటి బొచ్చు పీల్చేస్తుంది. నేలమీద జాడ ఉండదు. అందుకే అనుభవజ్ఞులు తూటా అవతలి ప్రక్కకు దూసుకుపోవాలంటారు. రెండో రంధ్రం ఉంటే జాడ దొరుకుతుంది. దొరకని ఎలుగు ఏ గుంటలోనో రోజులతరబడి చస్తుంది. మళ్ళీ కూరడానికి అరనిమిషం పట్టే తుపాకితో రెండో అవకాశం దాదాపు లేదు.

నన్నడిగితే, 50 క్యాలిబర్‌లో 80, 90 గ్రెయిన్ల మందుమీద 350, 400 గ్రెయిన్ల కోసు తూటా ఈ పనికి ఉచితం. గుండ్రని గుండే కావాలంటే 54కు తగ్గకుండా, యాభై గజాలకు మించకుండా. ఏదైనా తుపాకి చేసినవారు చెప్పిన హద్దులోనే. ఒక జాగ్రత్త: కోసు తూటా వదులుగా ఉంటుంది కనుక, గొట్టం కిందికి వంచి నడిస్తే మందునుంచి ఎడమవుతుంది, అప్పుడు పేలిస్తే గొట్టమే పగలవచ్చు. తెలిసినవాళ్ళు గజంమీద గీత పెట్టుకుని మాటిమాటికీ చూసుకుంటారు. నేటి పొగలేని మందును ఈ పాతరకం తుపాకుల్లో పోస్తే మా అత్యవసర విభాగానికి పని తగులుతుంది.

1974లో పెన్సిల్వేనియా చెకుముకిరాతి తుపాకులకోసం ప్రత్యేకంగా జింకల వేట కాలం పెట్టింది. కష్టపడేవాడికి అదొక బహుమానం. 1976లో పైరోడెక్స్ అనే బదులుమందు వచ్చింది. 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్, మందుకు సరిగ్గా వెనకనుంచి నిప్పు తగిలే కొత్త తుపాకి తెచ్చాడు. అది చూడడానికి నేటి తుపాకిలాగే ఉంటుంది. తరవాత మందు బిళ్ళలరూపంలో వచ్చింది, 50 గ్రెయిన్లది ఒక్కొక్కటి. రెండు వేస్తే నూరు, మూడు వేస్తే నూట యాభై. మా రోగుల్లో కొందరికి మూడు బిళ్ళలంటేనే నమ్మకం. రక్తపుపోటు బిళ్ళలు మాత్రం రోజుకొకటి వేసుకోమన్నా మరిచిపోతారు. మూడో బిళ్ళ వేస్తే భుజానికి తన్ను పెరుగుతుంది. తన్నుకు జడిసి ముందే కన్ను మూసినవాడి గురి ఎక్కడికి పోతుందో చెప్పాలా?

వాళ్ళు ప్రేమతో ఎలుగు మాంసం తెచ్చి ఇస్తే, తినేవారు బాగా ఉడికించండి. అందులో ట్రైకినెల్లా పురుగు ఉండవచ్చు. చలిదేశపు ఎలుగుల్లో ఉండే రకానికి ఫ్రీజరు చలి లెక్కలేదు. గాయం చుట్టుపక్కల మాంసం వెడల్పుగా కోసి పారెయ్యండి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింకమాంసపు పొట్లాలను పరీక్షిస్తే సీసపు తునకలు కనబడ్డాయి. నెమ్మదిగా పోయే పాత తూటా అంతగా తునకలు కాదుగాని, పసిపిల్లలున్న ఇంట్లో ఆ కాస్తా ఎందుకు?