పీసీఓఎస్ రుగ్మతలో కొవ్వు కణజాలం పాత్ర

పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, సంక్షిప్తంగా పీసీఓఎస్, స్త్రీలలో తరచుగా కనిపించే హార్మోన్ల రుగ్మత. చీటీలలో పీసీఓడీ అని వ్రాసేది కూడా సాధారణంగా దీనినే. దీనిని 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ వర్ణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయస్సులోని స్త్రీలలో 6 నుండి 13 శాతం మందికి ఇది ఉన్నది. నెలసరి తప్పడం, ముఖంపై అవాంఛిత రోమాలు, మొటిమలు, గర్భధారణలో జాప్యం దీని ముఖ్య లక్షణాలు. స్కానింగులో కనబడే నీటి బుడగలు గడ్డలు కావు. ఎదుగుదల మధ్యలో నిలిచిపోయిన అండపుటికలు.

కొవ్వు చేసే పని

కొవ్వును చాలాకాలం శక్తిని దాచే గాదెగా మాత్రమే భావించారు. 1994లో లెప్టిన్ హార్మోనును కనుగొన్న తరువాత, కొవ్వు కణజాలం వినాళ గ్రంథి వలె కూడా పనిచేస్తుందని స్పష్టమైనది. పీసీఓఎస్ ఉన్నవారిలో కొవ్వు కణాలు పెద్దవిగా ఉంటాయి. ఇన్సులిన్‌కు తోడ్పడే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయనందున క్లోమం దానిని మరింతగా స్రవిస్తుంది.

ఈ అధిక ఇన్సులిన్ ప్రభావం మూడు చోట్ల కనిపిస్తుంది. అండాశయంలో ఆండ్రోజెన్లనే పురుష హార్మోన్ల ఉత్పత్తి పెరుగుతుంది. కాలేయంలో ఆ హార్మోన్లను బంధించి ఉంచే ప్రోటీను తయారీ తగ్గుతుంది. కొవ్వులో బలహీనమైన ఆండ్రోజెన్లను టెస్టోస్టెరాన్‌గా మార్చే ఎంజైము చురుకవుతుంది. పెరిగిన ఆండ్రోజెన్లు పొట్ట చుట్టూ కొవ్వు చేరడానికి తోడ్పడతాయి. ఆ కొవ్వు ఇన్సులిన్ పనిని మరల దెబ్బతీస్తుంది. ఇది ఒక విషవలయం. కావున బరువు పెరిగిన బాలికను తిండిపోతు అనో, సోమరి అనో నిందించడం తగదు.

సన్ననివారి సంగతి

సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్ రావచ్చు. వారిలోనూ ఇన్సులిన్ పనితీరు లోపించవచ్చు. అందుచేత “పెళ్లయితే సర్దుకుంటుంది” అని ఉపేక్షించరాదు. రజస్వల అయిన ఏడాది గడిచాక నెలసరి ఒక్కసారైనా 90 రోజులకు మించి ఆగితే వైద్యులకు చూపించాలి. దీర్ఘకాలం నెలసరి రాకపోతే గర్భాశయపు లోపలి పొర మందమై, క్యాన్సరు ముప్పు పెరుగుతుంది. మధుమేహం ముప్పు కూడా అధికమే. అయితే రజస్వల అయిన 8 ఏళ్లలోపు బాలికలలో రోగనిర్ధారణకు అండాశయ స్కానింగును వాడరాదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి.

చికిత్స

అధిక బరువు ఉన్నవారు అందులో 5 నుండి 10 శాతం తగ్గినా పలువురిలో నెలసరి క్రమపడుతుంది. 70 కిలోల స్త్రీకి అది 3.5 నుండి 7 కిలోలు. మెట్‌ఫార్మిన్, హార్మోన్ మాత్రలు వైద్యుల సలహాపైనే వాడాలి. ఈ రుగ్మత ఉన్న స్త్రీలలో అధికులు తగిన చికిత్సతో తల్లులు కాగలరు.