న్యూయార్క్ నగర ఓపెన్ డేటా

న్యూయార్క్ నగర పాలక శాఖలు రోజువారీ పనిలో పోగుచేసే సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకునేలా ఒకేచోట ఉంచిన పోర్టల్ ఇది. 311 నంబరుకు అందిన ఫిర్యాదులు, పార్కింగ్ చలానాలు, హోటళ్ల పరిశుభ్రత తనిఖీలు, రోడ్డు ప్రమాదాలు, వీధి చెట్ల లెక్కలు ఇందులో దొరుకుతాయి.

అమెరికాలో ఈ దారిలో ముందు నడిచిన నగరాల్లో వాషింగ్టన్ డి.సి. ఒకటి. తన సమాచారంతో యాప్‌లు తయారుచేసేవారికి 2008లోనే అది పోటీ పెట్టింది. న్యూయార్క్ 2009లో డేటామైన్ అనే సైటును, బిగ్‌యాప్స్ అనే పోటీని మొదలుపెట్టింది. అయితే ఏది బయటపెట్టాలో, ఏది దాచుకోవాలో అప్పటికి శాఖల ఇష్టం. నగర మండలి సభ్యురాలు గేల్ బ్రూవర్ పట్టు వదలకుండా ముందుకు తెచ్చిన బిల్లుపై 2012 మార్చి 7న మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ సంతకం చేశారు. అదే ఆ ఏటి స్థానిక చట్టం 11. బహిరంగపరచదగిన సమాచారాన్నంతా 2018 చివరికల్లా, కంప్యూటర్ చదవగలిగే రూపంలో ఒకే పోర్టల్‌లో పెట్టాలని అది శాఖలను ఆదేశించింది. అంతవరకు దయగా ఇచ్చినది అప్పటినుంచి బాధ్యత అయింది. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదే.

చట్టం విలువ తెలిసింది మాత్రం జనం ఆ లెక్కలు విప్పి చూసినప్పుడే. గణాంక నిపుణుడు బెన్ వెల్లింగ్టన్ 2014లో పార్కింగ్ చలానాల పట్టికను పరిశీలించారు. లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఒక ఫైర్ హైడ్రంట్ దగ్గర ఏటా వేల డాలర్ల జరిమానాలు పడుతున్నట్టు తేలింది. హైడ్రంట్‌కూ కార్లు నిలిపే చోటికీ మధ్య సైకిళ్ల దారి ఉంది. రోడ్డు మీద గీసిన గీతలు చూస్తే అక్కడ బండి ఆపవచ్చనే ఎవరికైనా అనిపిస్తుంది. విషయం బయటపడ్డాక రవాణా శాఖ ఆ గీతలు మార్చింది. 2016లో ఆయనే ఇంకా పెద్ద తప్పు పట్టుకున్నారు. జీబ్రా క్రాసింగ్ లేని కొన్ని పాదచారుల ర్యాంపుల ముందు కారు నిలపడం 2008 చివర్లోనే చట్టబద్ధమైంది. అయినా చలానాలు ఆగలేదు. పోలీసు శాఖ ఆ పొరపాటును ఒప్పుకుని, సిబ్బందికి కొత్త నియమం తెలియజేసింది. ఏ చలానాకు ఆ చలానా విడిగా చూస్తే ఈ తప్పు కనిపించదు, లక్షల చలానాలు ఒక్కచోట ఉన్నందువల్లే కనిపించింది.

సమాచారం సేకరించడంలోనూ పౌరులకు పాలు దక్కింది. 2015లో మొదలైన వీధి చెట్ల గణనలో రెండు వేలమందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు పాల్గొన్నారు. అప్పుడు లెక్కకెక్కిన 6.6 లక్షలకు పైగా చెట్ల వివరాలు పోర్టల్‌లో ఉన్నాయి.

గోప్యత విషయంలో నగరానికి గట్టి దెబ్బే తగిలింది. 2013 నాటి సుమారు 17.3 కోట్ల టాక్సీ ప్రయాణాల వివరాలు సమాచార హక్కు దరఖాస్తు ద్వారా 2014లో బయటికి వచ్చాయి. లైసెన్సు నంబర్లను సంకేతాలుగా మార్చి ఇచ్చినా, ఆ సంకేతాలను తేలిగ్గా ఛేదించడంతో డ్రైవర్ల తిరుగుడూ సంపాదనా బట్టబయలయ్యాయి. పేరు తీసేస్తే మనిషి గుర్తు చెరిగిపోదని అప్పుడు అందరికీ అర్థమైంది. తర్వాతి కాలంలో టాక్సీ ఎక్కిన చోటూ దిగిన చోటూ కచ్చితంగా చెప్పకుండా, పేట స్థాయిలో మాత్రమే ప్రకటిస్తున్నారు.

కొత్త డేటా కావాలని అడిగిన పౌరులకు శాఖలు గడువులోగా జవాబివ్వాలని 2015లో మరో చట్టం చేశారు. 2018తో ముగియాల్సిన, సమాచారాన్ని బయటపెట్టే బాధ్యతను 2017 నాటి స్థానిక చట్టం 251 శాశ్వతం చేసింది.