స్ఫింక్స్ శలభములు

సీతాకోకచిలుకలవలెనే పొలుసు రెక్కల కీటకముల వర్గమునకు చెందిన స్ఫింజిడే కుటుంబమున సుమారు 1,450 జాతుల శలభములు కలవు. బలిష్ఠమైన ఉరస్సు, కొనదేలిన ఇరుకు ముందురెక్కలు, అతివేగమైన గమనము వీని లక్షణములు. పెక్కు జాతులు పూవుపై వాలక, గాలిలోనే నిలిచి, చుట్టగా ఉంచుకొన్న తుండమును చాచి మకరందమును గ్రోలును. 1758లో లిన్నేయస్ వీనిని స్ఫింక్స్ అను ప్రజాతిగా వర్ణించెను; తల పైకెత్తి నిశ్చలముగా నుండు వీని గొంగళిపురుగులు ఈజిప్టు శిలాప్రతిమను తలపింపజేయుట ఆ నామమునకు హేతువు.

ఈ కుటుంబ చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము మడగాస్కరు ద్వీపమునకు సంబంధించినది. 1862 జనవరిలో జేమ్స్ బేట్‌మన్ పంపిన ఆర్కిడ్ పుష్పములలో, నక్షత్రాకృతి గల ఒక తెల్లని పూవు వెనుక వ్రేలాడు నాళము 11½ అంగుళముల పొడవుండుటయు, అందు అట్టడుగున 1½ అంగుళము మేర మాత్రమే మకరందముండుటయు చూచిన చార్లెస్ డార్విన్, దానిని అందుకొనజాలు 10, 11 అంగుళముల తుండము గల శలభము ఆ ద్వీపమున ఉండితీరవలెనని అదే యేట ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. కొందరు కీటకశాస్త్రజ్ఞులు పరిహసించిరి. అట్టి పుష్పరచన సృష్టికర్త సంకల్పమునకే నిదర్శనమని 1867లో ఆర్గైల్ ప్రభువు వాదింపగా, ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలేస్ ఆ సంవత్సరమే సమాధానమిచ్చుచు, పొడవైన తుండము గల శలభమునకు తేనె యధికముగను, పొడవైన నాళము గల పూవునకు పరాగసంపర్కము నిశ్చయముగను లభించుటచే తరతరములుగా రెండును పెరిగినవని వివరించి, ఆఫ్రికా స్ఫింక్స్ శలభ మొకదాని తుండము 7½ అంగుళములుండుటను సాక్ష్యముగా చూపి, నెప్ట్యూన్ గ్రహమును వెదకిన ఖగోళజ్ఞుల విశ్వాసముతోనే మడగాస్కరులో దీనిని వెదకవచ్చునని వ్రాసెను. డార్విన్ మరణించిన 21 సంవత్సరములకు, 1903లో, రోత్‌షైల్డ్, జోర్డన్ పండితులు ఆ శలభమును వర్ణించి, ముందే ఊహింపబడినదను అర్థమున ప్రెడిక్టా అని పేరిడిరి. 2021లో అది ప్రత్యేక జాతిగా గుర్తింపబడెను. కంట బడని ప్రాణి శరీరమానమును పూవునుబట్టి నిర్ణయించిన ఈ ఊహ జీవశాస్త్రమున అపురూపమైనది.

ఇరువదవ శతాబ్దిలో పరిశోధకుల దృష్టి బాహ్యరూపమునుండి శరీరధర్మమునకు మరలెను. ఎగురుటకు ముందు ఈ శలభములు కండరములను కంపింపజేసి దేహమును వేడిచేసికొనును; ఎగురునపుడు పుట్టు అధికోష్ణమును రక్తప్రసరణముచే ఉరస్సునుండి ఉదరమునకు పంపునని 1970లో బెర్న్‌డ్ హైన్‌రిక్ నిరూపించెను. నక్షత్రకాంతి యంతటి మసక వెలుగునను రంగులను పోల్చుకొనునని 2002లో తేలినది.

భారతదేశమున ఈ కుటుంబమునుగూర్చిన ప్రామాణిక గ్రంథము బెల్, స్కాట్‌లు 1937లో ప్రకటించిన శలభ సంపుటము. ఉత్తర కన్నడ అడవులలో ఉద్యోగించిన బెల్, గొంగళిపురుగులను స్వయముగా పెంచి వర్ణించుటచే ఆ గ్రంథము నేటికిని విలువ కోల్పోలేదు. మూపున కపాలచిహ్నము ధరించి, తేనెపట్టులలో చొరబడి తేనె త్రాగి, పట్టుకొన్నచో కీచుమని అరచు అకెరోన్షియా స్టిక్స్ అను జాతి మన దేశమున కలదు. తోకపై కొమ్ము గల దాని గొంగళిపురుగు నువ్వుచేలలో ఆకులను తినివేయును. అది పొలములోని మట్టిలోనే కోశస్థ దశను గడపును గనుక, పురుగులను చేతితో ఏరివేయుటయు, పంట తీసిన పిదప లోతుగా దున్ని ఆ కోశములను పక్షుల పాలు చేయుటయు రైతులకు చెప్పబడు నివారణోపాయములు.